పట్టా కాదు, కౌలే: దిమ్మెల ఆటల్లో కట్టినవాడి మాట ఎంత?

వీడియో గేమ్ అన్న మాట వినగానే మన పల్లెల పెద్దల మనస్సులో రెండు దృశ్యాలు మెదలుతాయి. సెల్‌ఫోనులో రమ్మీ ఆడి అప్పులపాలైన కుటుంబం ఒకటి. తుపాకుల మోత నడుమ తెల్లవార్లూ మేలుకొనే కుర్రవాడు మరొకటి. ఈ భయం నిరాధారమైనది కాదు. డబ్బు ఒడ్డి ఆడే ఆటల బెడద ముదిరిన కారణంగానే కేంద్ర ప్రభుత్వం ఆన్‌లైన్ గేమింగ్‌పై ప్రత్యేక చట్టం చేసింది. 2025 ఆగస్టు 22న దానికి రాష్ట్రపతి ఆమోదం లభించింది. పందెపు ఆటలను ఆ చట్టం నిషేధించింది. పోటీ క్రీడలను, పందెం లేని వినోదపు ఆటలను వేరుగా గుర్తించింది. అయితే చట్టం గీసిన గీతకు ఇవతల మిగిలిన ఆటలన్నీ ఒక్కటేనా? వాటిలో మేలేది, కీడేది? ఈ ప్రశ్నకు చట్టంలో సమాధానం దొరకదు. ఇంటి పెద్దలే వెదకుకోవాలి.

ఆ మిగిలిన వాటిలో దిమ్మెలు పేర్చి కట్టే ఆటలు ఒక ప్రత్యేక జాతి. వీటిలో పందెం ప్రధానం కాదు, చంపడమూ ప్రధానం కాదు. ఆడేవాడు మట్టిని తవ్వుతాడు, చెట్టును నరుకుతాడు, రాతిని పగలగొడతాడు. అలా వచ్చిన దిమ్మెలను ఒకదానిపై ఒకటి పేర్చి ఇల్లు కడతాడు, కాలువ తవ్వుతాడు, కోట లేపుతాడు. మన పిల్లలు ఇసుకలో పిచ్చుకగూళ్లు కట్టినట్లే తెరపై ఊళ్లు కడతారు. ఒక్క తేడా ఉంది. ఇసుక ఎవరి సొత్తూ కాదు. తెరపై ఉన్న ఇసుకకు మాత్రం ఒక యజమాని ఉన్నాడు.

ఈ జాతి ఆటలపై ఆటగాళ్లు పదిహేనేళ్లుగా వెలిబుచ్చుతున్న అభిప్రాయాలను వరుసగా చూస్తే, పైకి ఎన్నో రకాలుగా కనబడే వాదాలన్నీ చివరకు ఒక్క ప్రశ్న వద్దకే చేరుతున్నాయి. కట్టినవాడికి తాను కట్టినదానిపై మాట ఉందా, లేదా? సరిహద్దు గ్రామాల కుటుంబాలు కూడా పిల్లల చేతికి ఆట ఇచ్చే ముందు తెలుసుకోవలసినది ఇదే.

కథ లేని ఆట, కథ ఉన్న ఆట

ఈ రంగంలో రెండు ముఖ్యమైన మార్గాలున్నాయి. మొదటిది మైన్‌క్రాఫ్ట్. స్వీడన్‌కు చెందిన మార్కస్ పెర్సన్ 2009లో దీనిని ప్రజల ముందుకు తెచ్చాడు. 2011 నవంబరులో పూర్తి రూపంలో విడుదలైంది. 2023 అక్టోబరు నాటికి 30 కోట్లకు పైగా ప్రతులు అమ్ముడైనట్లు దాని నిర్మాతలు ప్రకటించారు. ఈ ఆటలో ఆజ్ఞాపించేవారు లేరు. విశాలమైన భూమి, తవ్వడానికి చేతులు ఇచ్చి ఆటగాడిని వదిలివేస్తుంది. ఏం కట్టాలో, ఎందుకు కట్టాలో అతడే తేల్చుకోవాలి.

రెండవది డ్రాగన్ క్వెస్ట్ బిల్డర్స్. జపాన్‌కు చెందిన స్క్వేర్ ఎనిక్స్ సంస్థ 2016 జనవరిలో దీనిని స్వదేశంలో విడుదల చేసింది. దీనికి మూలమైన డ్రాగన్ క్వెస్ట్ 1986 నాటి ఆట. యూజీ హోరీ దాని సృష్టికర్త. ఒక పాత్రను ధరించి, ఆ పాత్ర కష్టసుఖాలను కథగా అనుభవిస్తూ సాగే ఆటలకు జపాన్‌లో అది ఒరవడి దిద్దింది. ఆ పాత ఆట చివరలో దుష్టరాజు వీరుడికి ఒక ఎర వేస్తాడు. నా పక్షాన చేరితే సగం లోకం నీదే అంటాడు. వీరుడు నిరాకరించడం ధర్మం. వీరుడు ఒప్పుకొని ఉంటే లోకం ఏమయ్యేది? ఈ ఊహ నుంచే బిల్డర్స్ కథ మొదలవుతుంది. లోకం చీకటిపాలైంది. మనుషులు బతికే ఉన్నారు గాని, వస్తువులు తయారుచేసే విద్య మరచిపోయారు. రెండు కర్రలను జోడించి పనిముట్టు చేయవచ్చునన్న ఆలోచన కూడా వారికి తోచదు. ఆ విద్య మిగిలిన ఒకే ఒక్క మనిషి పాత్రను ఆటగాడు ధరిస్తాడు.

ఇక్కడ ఇల్లు అంటే ఏమిటో ఆటే నిర్వచిస్తుంది. గోడ రెండు దిమ్మెల ఎత్తు ఉండాలి, తలుపు ఉండాలి, లోపల వెలుగు ఉండాలి. అప్పుడే అది గది అవుతుంది. పడక వేస్తే పడకగది, పొయ్యి పెడితే వంటగది. గది సిద్ధమైతే దిక్కులేక తిరిగే మనుషులు వచ్చి చేరతారు. వారి కోరికలు తీరిస్తే ఊరు పెరుగుతుంది. మొదటి అధ్యాయంలో శిథిలమైన కాంట్లిన్ పట్టణాన్ని తిరిగి నిలబెట్టాలి. తరువాత రోగాలతో పీడింపబడే ఊరికి వైద్యశాల కావాలి. మైన్‌క్రాఫ్ట్‌లో కట్టడం ఇష్టం. ఇక్కడ కట్టడం బాధ్యత.

విడిచి వెళ్లవలసిన ఊరు

ఈ మొదటి భాగంపై ఆటగాళ్ల నుంచి ప్రశంసతో పాటు ఒక గట్టి ఫిర్యాదు వచ్చింది. అధ్యాయం ముగియగానే కథానాయకుడు ఆ ఊరిని విడిచి మరో సీమకు వెళ్లిపోవాలి. వెళ్లేటప్పుడు చేతులు ఖాళీ. కూడబెట్టిన సామగ్రి రాదు, ఒక్కొక్క దిమ్మె పేర్చి కట్టిన ఊరు వెంట రాదు. కొత్తచోట మళ్లీ మట్టి తవ్వడం నుంచి మొదలుపెట్టాలి. పైగా ఆ అధ్యాయంలో సాధించవలసిన ప్రత్యేక లక్ష్యాలు అధ్యాయం పూర్తయిన తరువాతనే వెల్లడవుతాయి. నిర్ణీత దినాలలోపు కథ ముగించడం కూడా వాటిలో ఒకటి. ఊరిని అందంగా తీర్చిదిద్దడానికి తీరిక తీసుకొన్నవాడు ఆ లక్ష్యం వద్ద ఓడిపోయినట్లే లెక్క. పని ఓపికగా చేయమని నేర్పే ఆట తొందరపడ్డవాడికి బహుమానం ఇవ్వడమేమిటని ఆటగాళ్లు ప్రశ్నించారు. స్వేచ్ఛగా కట్టుకొనేందుకు వేరే ప్రదేశం ఉన్నప్పటికీ, కథకు దూరంగా ఉన్న ఆ చోటు చాలామందికి వెలితిగానే తోచింది.

దీనిని సమర్థించినవారూ లేకపోలేదు. ప్రతి అధ్యాయం కొత్తగా మొదలవడం వల్ల కొత్త పాఠం నేర్చుకొనే వీలు కలుగుతుందని కొందరన్నారు. మరికొందరి వాదం ఇంకా లోతైనది. ఇతరుల కోసం కట్టి ముందుకు సాగడమే ఆ పాత్ర ధర్మమని, అందులోని బాధే కథకు బలమని వారు చెప్పారు. మన మేస్త్రీలను తలచుకొంటే ఈ మాట బోధపడుతుంది. బెంగళూరులో, చెన్నైలో అంతస్తుల మీద అంతస్తులు లేపిన చేతులకు ఆ మేడల్లో కాపురం ఉండే భాగ్యం లేదు. అయినా ఫిర్యాదు చేసినవారి పక్షాన కూడా న్యాయమున్నది. మేస్త్రీకి కూలి ముట్టుతుంది. ఆటగాడు తానే వెల చెల్లించి, తన కాలాన్ని పెట్టుబడి పెట్టి కడతాడు. విడిచిపొమ్మంటే అతడికి మిగిలేదేమిటి? జలాశయాల కింద ఊళ్లు వదలుకొన్న కుటుంబాలు మన ప్రాంతాల్లో ఎన్నో ఉన్నాయి. కట్టుకొన్నది విడవడమంటే ఏమిటో వారికి ఎవరూ వివరించనక్కరలేదు. తెరపై ఊరిని, నిజమైన ఊరిని ఒకే తక్కెడలో తూచడం తగదు. కానీ చేత్తో కట్టినదానిపై మమకారం పుట్టడం మనిషి స్వభావమే.

తిరిగి రావడానికి ఒక దీవి

రెండవ భాగం జపాన్‌లో 2018 డిసెంబరులో, ఇతర దేశాల్లో 2019 జూలైలో వెలువడింది. మొదటి భాగంపై వినవచ్చిన అసంతృప్తికి దీనిలో చాలావరకు సమాధానం కనబడుతుంది. కథానాయకుడికి ఒక సొంత దీవి ఉంటుంది. అతడు వేర్వేరు దీవులకు వెళ్లి పని నేర్చుకొంటాడు. ఒకచోట చచ్చిన నేలను మళ్లీ సాగులోకి తేవాలి. మరొకచోట మూతబడ్డ గనిని తెరవాలి. ఇంకొకచోట యుద్ధంలో చితికిన కోటను నిలబెట్టాలి. ప్రతి పని ముగిశాక సొంత దీవికి తిరిగి వస్తాడు. అక్కడ పరిచయమైన మనుషుల్లో కొందరు వెంట వస్తారు. అతడు పథకం గీసి సామగ్రి సమకూరిస్తే ఊరివారే చేయి వేసి కట్టడం పూర్తి చేస్తారు. పనిముట్లు అరిగి విరిగిపోయే బెడద కూడా తీరింది.

కథలోని వైరి వర్గం బోధించే మతం కూడా గమనార్హం. పగలగొట్టడమే పుణ్యం, నిర్మించడమే పాపం అని వారు చాటుతారు. కథానాయకుడి ప్రాణమిత్రుడు మాల్రోత్‌కు కట్టడం చేతకాదు, పగలగొట్టడమే తెలుసు. పగలగొట్టనిదే రాయి రాదు, రాయి లేనిదే గోడ లేవదు గనుక ఇద్దరూ ఒకరికొకరు అవసరమే. ఆటగాళ్లు ఎక్కువగా మెచ్చుకొన్నది ఈ స్నేహాన్నే.

లోపాలను కూడా వారు దాచలేదు. ఆరంభం మందకొడిగా సాగుతుందని, సంభాషణలు మితిమీరాయని అన్నారు. నలుగురు కలిసి ఆడే వీలు సొంత దీవికే పరిమితమై, కథలో లేకపోవడం నిరుత్సాహపరిచింది. కట్టడాలు పెరిగినకొద్దీ ఆట నెమ్మదిస్తుందని, ముఖ్యంగా చిన్న యంత్రాలపై ఆడేవారు చెప్పారు. అయినా మొత్తం మీద తూకం రెండవ భాగం వైపే మొగ్గింది. వచ్చి చూసుకోవడానికి ఒక చోటు మిగలడమే ఇందుకు ప్రధాన కారణమని చెప్పవచ్చు.

భాష అనే గోడ

కథ కావాలా, స్వేచ్ఛ కావాలా అన్న వాదంలో సరిహద్దు కుటుంబాలకు దగ్గరగా ఉన్న కోణం ఒకటి మరుగున పడిపోతోంది. అది భాష. కథ ఉన్న ఆట మాటలతో నడుస్తుంది. ఎవరు ఏమడిగారో చదవనిదే అడుగు ముందుకు పడదు. బిల్డర్స్ రెండవ భాగం జపనీస్, ఇంగ్లీషు, కొన్ని ఐరోపా, తూర్పు ఆసియా భాషల్లో లభిస్తుంది. భారతీయ భాష ఒక్కటీ లేదు. ఇంట తెలుగు, బడిలో కన్నడమో, తమిళమో, ఒడియానో, మరాఠీనో చదివే పిల్లవాడికి ఇంగ్లీషు మూడవ మెట్టు. ఆ మెట్టుపై నిలబడి పేజీలకొద్దీ సంభాషణ చదవడం సులభం కాదు. మైన్‌క్రాఫ్ట్‌లో మాట అవసరం బహుస్వల్పం. మట్టి ఏ భాషలోనైనా మట్టే. భాష తెలియని పిల్లలిద్దరు పక్కపక్కన కూర్చుని ఒకే గోడ కట్టగలరు.

కనుక కథ ఉన్న ఆట ఉత్తమమని, లేనిది అధమమని ఒక్క మాటలో తేల్చడం సరికాదు. ఏం చేయాలో తోచక విసుగు చెందే పిల్లలకు కథ దారి చూపుతుంది. పక్కన కూర్చుని చదివి అర్థం చెప్పే పెద్దలుంటే అది ఇంగ్లీషు పాఠం కూడా అవుతుంది. తోడు లేనిచోట స్వేచ్ఛగా కట్టుకొనే ఆటే మెరుగు.

యజమాని మారిన వేళ

మైన్‌క్రాఫ్ట్‌లో కట్టినది విడిచి వెళ్లమని చెప్పే కథ లేదు. అందుచేత కట్టినవాడి హక్కుకు అక్కడ భంగం లేదనిపించవచ్చు. జరిగిన చరిత్ర వేరు. 2014 సెప్టెంబరులో మైక్రోసాఫ్ట్ ఈ ఆటను రూపొందించిన మోజాంగ్ సంస్థను 250 కోట్ల డాలర్లకు కొంటున్నట్లు ప్రకటించింది. ఆటగాళ్లు కట్టిన లక్షలాది ఊళ్లే ఆటకు అంత విలువ తెచ్చిపెట్టాయి. బేరంలో వారి ప్రమేయం మాత్రం ఏమీ లేదు. ఆ తరువాత పాత ఖాతాలన్నీ మైక్రోసాఫ్ట్ ఖాతాలుగా మార్చుకోవాలన్న నిబంధన వచ్చింది. 2023లో ఆ గడువు ముగిసేసరికి మార్చుకోనివారికి, డబ్బిచ్చి కొన్న ఆటే అందకుండా పోయింది.

2022లో మరో వివాదం చెలరేగింది. సంభాషణల్లో దుర్భాషలాడిన వారిపై కంపెనీకి ఫిర్యాదు చేసే ఏర్పాటు వచ్చింది. నేరం రుజువైతే, ఇతరులు సొంత ఖర్చుతో నడిపే సర్వర్లలో కూడా ఆ వ్యక్తి ఆడకుండా కంపెనీ నిషేధించవచ్చు. పిల్లల రక్షణకు ఇది అవసరమని ఒక పక్షం వాదించింది. మా ఇంట్లో ఎవరిని రానివ్వాలో మీరెలా నిర్ణయిస్తారని రెండవ పక్షం నిలదీసింది. తల్లిదండ్రులుగా చూస్తే మొదటి వాదంలో బలముంది. ఊరి పెద్దలుగా చూస్తే రెండవ వాదంలోనూ న్యాయముంది. నిరసనలు వచ్చినా ఆ ఏర్పాటు కొనసాగింది.

ఆటగాళ్ల మాట చెల్లిన సందర్భం కూడా ఉన్నది. ఏటా మూడు కొత్త జీవులను చూపి, ఓటింగ్‌లో నెగ్గిన ఒక్కదానినే ఆటలో చేర్చే సంప్రదాయం నడిచేది. ఓడిన రెండింటినీ పక్కన పెట్టడం తమలో తమకు తగవులు పెట్టడమేనని 2023లో ఆటగాళ్లు బహిష్కరణకు పిలుపునిచ్చారు. 2024 సెప్టెంబరులో కంపెనీ ఆ ఓటింగ్‌ను విరమిస్తున్నట్లు ప్రకటించింది. వినోదపు విషయంలో మాట చెల్లింది. ఖాతాల విషయంలో, అధికారం విషయంలో చెల్లలేదు. ఈ తేడాను మరువరాదు.

అన్నిటికంటే కఠినమైన ఉదాహరణ మైన్‌క్రాఫ్ట్ ఎర్త్. వీధిలో నడుస్తూ ఫోను తెరపై దిమ్మెలు పేర్చుకొనే ఈ ఆట 2019లో వచ్చింది. పూర్తిగా కంపెనీ యంత్రాలపై ఆధారపడి నడిచింది. 2021 జూన్ 30న మూతపడింది. ఆనాటితో అందులో కట్టినవి కూడా పోయాయి. అదే మైన్‌క్రాఫ్ట్‌లో సొంత కంప్యూటరులో పదేళ్ల కిందట భద్రపరచిన ఊళ్లు నేటికీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. కంపెనీ ఒకటే, పేరు ఒకటే. కట్టినది ఎవరి పెరట్లో ఉందన్నదే తేడా.

కొన్నది ఏమిటి?

రైతు కుటుంబాలకు పట్టాకు, కౌలుకు తేడా చెప్పనక్కరలేదు. ఎరువు వేసినది, చెమటోడ్చినది కౌలుదారే కావచ్చు. భూమి మీద తుది మాట మాత్రం పట్టాదారుదే. ఆటను కొన్నామని మనం అనుకొంటాం. ఒప్పంద పత్రం చదివితే మనకు దక్కినది వాడుకొనే అనుమతి మాత్రమే. అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రం ఈ సంగతిని కొనుగోలుదారుకు స్పష్టంగా చెప్పి తీరాలని 2024లో చట్టం చేసింది. 2025 జనవరి 1 నుంచి అది అమలులో ఉంది. ఐరోపాలో ఇంకో అడుగు పడింది. ఒక ప్రసిద్ధ కార్ల పందేల ఆట సర్వర్లను 2024 మార్చిలో మూసివేయడంతో, కొన్నవారు కూడా ఆడలేని స్థితి ఏర్పడింది. అమ్మిన ఆటను ఆడేందుకు వీలులేకుండా చేయరాదని కోరుతూ మొదలైన పౌరుల విజ్ఞాపనపై సంతకాలు 2025 జూలైలో 10 లక్షలు దాటాయి. ఐరోపా సమాఖ్య అధికారులు తప్పక పరిశీలించవలసిన సంఖ్య అది.

కంపెనీల పక్షాన కూడా ఒక మాట చెప్పుకోవాలి. సర్వర్లు నడపడానికి కరెంటు, సిబ్బంది, స్థలం కావాలి. ఆడేవారు తగ్గిపోయినా శాశ్వతంగా నడిపించమనడం సాధ్యం కాదు. అయితే ఆటగాళ్లు అడుగుతున్నది అంతటి పెద్ద కోరిక కాదు. మూసేముందు, తాము కట్టినది తమ యంత్రంలోకి దించుకొనే దారి చూపమంటున్నారు. కౌలు ముగిసినా చేతికొచ్చిన పంట కోసుకోనివ్వడం మన పల్లెల్లో మర్యాద. ఇదీ అటువంటిదే.

ఇంటి పెద్దలు అడగవలసినవి

పిల్లలు ఇటువంటి ఆట కావాలన్నప్పుడు వద్దని కసరడమో, ఫోను వారి చేతిలో పెట్టి ఊరుకోవడమో కాక, మూడు విషయాలు విచారించడం మేలు.

మొదటిది, కట్టినది ఎక్కడ నిలువ ఉంటుంది? డ్రాగన్ క్వెస్ట్ బిల్డర్స్ రెండు భాగాల్లోనూ, మైన్‌క్రాఫ్ట్‌ను ఒంటరిగా ఆడినప్పుడూ కట్టినది సొంత యంత్రంలోనే ఉంటుంది. నెలవారీ అద్దె చెల్లించి కంపెనీ సర్వరులో ఉంచుకొనే పద్ధతి కూడా మైన్‌క్రాఫ్ట్‌లో ఉంది. అద్దె ఆగితే ప్రవేశమూ ఆగుతుంది. సొంత యంత్రంలో ఉన్నదానికి అప్పుడప్పుడు ఒక నకలు తీసి దాచడం నేర్పాలి. ఫోను పాడైతే, అమ్మివేస్తే దానిలోని ఊరు కూడా పోతుంది.

రెండవది, నెట్ లేకుండా ఆట నడుస్తుందా? సిగ్నల్ రాని ఊళ్లలో, నెలాఖరుకు డేటా అయిపోయే ఇళ్లలో ఇది సౌకర్యానికి సంబంధించిన ప్రశ్న. అంతకు మించి, కంపెనీ తలుపు వేసినా ఆట బతుకుతుందా అన్నది తేల్చే పరీక్ష కూడా ఇదే.

మూడవది, ఒకసారి వెల చెల్లిస్తే సరిపోతుందా, లోపల ఇంకా అంగళ్లు ఉన్నాయా? బిల్డర్స్‌లో అదనపు సామగ్రి పొట్లాలను వేరుగా అమ్మారు. మైన్‌క్రాఫ్ట్‌లో ఆటలోని నాణేలతో కొనే అంగడే ఉంది. ఆ నాణేలకు అసలు డబ్బే చెల్లించాలి. ఫోనుకు పెద్దల బ్యాంకు ఖాతా ముడిపడి ఉంటే జాగ్రత్త అవసరం. ఇతరులు నడిపే సర్వర్లలో పిల్లలు పెద్ద మొత్తాలు ఖర్చు చేశారన్న తల్లిదండ్రుల ఫిర్యాదులు 2014లోనే మోజాంగ్ సంస్థకు చేరాయి.

ఆటగాళ్ల అభిప్రాయాలను పిల్లల చాపల్యమని కొట్టివేయడం తగదు. కాలాన్ని, ఊహను పెట్టుబడి పెట్టిన చోట తనకు మాట ఉండాలని కోరడం తప్పు కాదు. అది పౌరుడికి ఉండవలసిన మొదటి లక్షణం. తెరపై నాలుగు గోడలు కట్టిన పిల్లవాడు ఇది నాదేనా అని ప్రశ్నిస్తే, విసుగుకొనక కూర్చోబెట్టి కౌలుకు, పట్టాకు తేడా చెప్పాలి. రేపు ఏ పత్రంపై సంతకం చేయవలసి వచ్చినా ఆ పాఠం అక్కరకు వస్తుంది.